నాలుగో స్లైడు కాడ

ముప్పై రెండు స్లైడులు చేసిన.
బాణాలు, డబ్బాలు, నీలం రంగు మబ్బులు.
రాత్రి ఇంట్ల బీరువా అద్దం ముందట
ఏడుసార్లు చదివిన, ఏడుసార్లూ
"డిస్ట్రిబ్యూటెడ్" కాడ నాలుక మడతపడ్డది.
ఎనక మంచంల నాయిన
"నిమ్మలంగ సదువు బిడ్డా" అన్నడు.

నాలుగో స్లైడు కాడ కరెంటు పోయింది.
ప్రొజెక్టరు నిట్టూర్పు ఇడిచి చల్లబడ్డది.
అరవై మంది. ఆఖరు బెంచీల అజ్మీరా రాందాస్
అప్పటికే నిద్రల ఉన్నడు.
ఇలియాస్ సార్ కిటికీ తెరిచి
"బోర్డు ఉంది కదా, కానియ్" అన్నడు.

ఏం గీయాల్నో తెల్వక ఓ కుప్ప గీసిన.
పక్కన ఇంకో కుప్ప.
గీసినంక తెలిసింది, అవి మిర్చి కుప్పలని.

"ఏనుమాముల యార్డుల పొద్దుగాల
లచ్చ బస్తాలు దిగినయనుకోండి.
ఏ రకం ఎంతుందో ఒక్కడే లెక్కవెడితే
ఉగాది దాటుతది.
అందుకే ఎవని కుప్ప వానికి పంచుతరు.
నా కుప్పల తేజ ఇన్ని, చపాట ఇన్ని అని
చీటీ రాస్తడు, పక్కోని దిక్కు సూడడు.
ఇది మ్యాప్.
తేజ చీటీలన్ని ఒక గుమస్తాకు,
చపాట చీటీలన్ని ఇంకో గుమస్తాకు.
ఈ ఉరుకులాటే షఫుల్, ఖర్చంత ఈడనే.
గుమస్తా కూడుతడు. రెడ్యూస్.
గంతే."

ఎవరో తుమ్మిండ్రు. క్లాసంత నవ్వింది.
రాందాస్ తల లేపి
"వండర్ హాట్ యాడ పోయింది?" అన్నడు.
వాళ్ల చేన్ల అదే ఏసిండ్రట.
మూడో గుమస్తాను గీసిన.

సార్ అడిగిండు:
"నడిమిట్ల ఒకడు కూలిపోతే?"
జవాబు నోటికొచ్చు.
ఆ పని ఇంకొకనికి ఇస్తరు,
మొదటికెల్లి చేస్తడు, లెక్క తప్పదు.
చెప్పిన.

చెప్పి, రెండో కుప్ప మీద చాక్‌పీసు
అట్లనే ఆనిచ్చి నిలవడ్డ.
పోయిన మార్చిల మా నాయిన మొగిలయ్య,
దడ్వాయి,
కాంటా పక్కన్నే నడుం పట్టి కూలవడ్డడు.
ఆయన కుప్ప పక్కోడు తూసిండు.
పొద్దుమీకి యార్డు లెక్క సరిపోయింది,
ఒక్క కిలో తేడా రాలే.

ఇది క్లాసుల చెప్పలే.
"ఇంకేమన్న డౌట్లా?" అన్న.

కరెంటొచ్చింది. ఫ్యాన్లు తిరిగినయి.
నాలుగో స్లైడు మల్ల గోడెక్కింది,
నీలం మబ్బులు, బాణాలు.
ఎవ్వరు అటు సూడలే.

సార్ మార్కుల కాయితం మీద ఏదో రాసుకుంట
"చపాట అంటే గా లావు మిర్చేనా?" అన్నడు.
"ఔ సార్.
కారం తక్కువ, రంగెక్కువ."