పట్టుకున్న చోటు

గరాజు తలుపు కింద సందులోంచి
మోంటానా చలి పిల్లిలా దూరింది.
"మంచి రోజే, ఆర్డిస్," అన్నాడు వెర్లిన్
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని,
"గాలి ఎండుగా ఉంది. ఇవాళ పొడి మాట వింటుంది."

వినకపోవడమంటే ఏమిటో జూలైలో తెలిసింది నాకు.
వాన వెలిసిన మర్నాడే మొదలుపెట్టాను, తొందరపడి.
ఒక తూటాకి ముక్కు మీద ముద్ద,
ఇంకోదానికి నడుము దగ్గర బట్టతల,
మూడోది సగం మొహానికే పౌడరు పూసుకుని
పెళ్ళికి బయల్దేరిన పెద్దాయనలా.
వెర్లిన్ నవ్వలేదు.
ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది.

నలభై ఏళ్ళు ఈ బల్ల అతనిది.
టైరు షాపు నుంచి చక్రాల తూకపు ముక్కలు బకెట్లతో తెచ్చి
కరిగించి, మడ్డి తీసి, అచ్చులో పోసి
తడి తువ్వాలు మీద వెండి చినుకుల్లా రాల్చేవాడు.
నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని
మగవాళ్ళ వంట అనుకుని.
ఏప్రిల్లో మిజూలా డాక్టరమ్మ
అతని నెత్తుట్లో సీసం ఎంతుందో ఒక అంకె చెప్పింది.
ఇంటికొచ్చేదాకా కారులో
ఆ అంకె మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

ఇప్పుడు పోత పక్క రాంచి కుర్రాడు ఎమెట్‌ది.
పూత నాది.
గ్లవ్స్ తొడుక్కున్న చేతులు నావి,
చెవులు మాత్రం ఇంకా వెర్లిన్‌వే.

"ముందు కడిగావా? వేలి జిడ్డు చాలు, రంగు అలగడానికి."
కడిగాను. రెండుసార్లు. ఆరబెట్టాను.
పెరుగు డబ్బాలో యాభై తూటాలు,
నల్ల ప్లాస్టిక్ పూసలు గుప్పెడు,
చెంచాడు ఎర్ర పొడి, గోపురం కట్టకుండా తల కొట్టి.
మూతపెట్టి తిప్పుతాను, గిలక్కాయలా కాదు,
గిన్నె అడుగున మిగిలిన చారు తిప్పినట్టు.
చీకట్లో స్వెట్టరు విప్పితే చిటపటమంటుందే,
ఆ కరెంటే,
కంటికి కనబడని ఆ చిన్న కోపమే
పొడిని లోహానికి అతికిస్తుంది.
మొదట గరగర.
తర్వాత మెత్తబడుతుంది చప్పుడు,
మంచు పడ్డాక రోడ్డు మీద ట్రక్కులు మెత్తబడ్డట్టు.
"ఆపు," అంటాడు, కళ్ళు తెరవకుండానే. "పట్టింది."

ఒక్కోటీ పట్టకారుతో తీసి
డబ్బా అంచుకి రెండుసార్లు తట్టి
ట్రేలో నిలబెడతాను, ఒకదానికొకటి తగలకుండా.
మా మార్నీ వద్దని వదిలేసిన టోస్టర్ ఓవెన్,
రొట్టె మొహం చూసి పదేళ్ళయింది దానికి.
ఇరవై నిమిషాలు.
రంగు ముందు తడిసినట్టు మెరుస్తుంది
తర్వాత సర్దుకుంటుంది
అలిగిన మనిషి భోజనానికి వచ్చి కూర్చున్నట్టు.

చల్లారాక దీపం కింద తిప్పి చూస్తే
అన్నిటికీ నున్నటి ఎర్రచర్మం. దాదాపు.
ప్రతిదానికీ చెరో పక్కా ఒక చుక్క
బోడిగా, బూడిదరంగులో.
పట్టకారు పట్టుకున్న చోటు.

మూడు నెలలు ఆ చుక్కతోనే నా పోరు.
ముక్కు పట్టాను, మడమ పట్టాను, పట్టు సడలించాను.
చుక్క చోటు మారింది,
పోలేదు.

"పోదు," అన్నాడు వెర్లిన్.
"పట్టుకోకుండా ఎలా నిలబెడతావు?"
"గురి తప్పిస్తుందా మరి?"
"కాగితానికి తెలీదు. ఎల్కుకి అసలే తెలీదు."

వేలు చాచాడు.
అంతలోనే డాక్టరమ్మ గుర్తొచ్చినట్టుంది, ముడిచేశాడు.

అట్టపెట్టె మూత మీద అతని చేతిరాతలు:
తేదీలు, బరువులు, ఒక చోట "గాలి ఎక్కువ",
ఇంకో చోట ఉత్త ప్రశ్నార్థకం.
వాటి కింద నేనూ రాశాను: ఎరుపు, పొడి రోజు,
యాభై అని రాయబోయి లెక్కపెట్టాను.
మళ్ళీ లెక్కపెట్టాను.
నలభై తొమ్మిది.

వెర్లిన్ పైకప్పు దూలాల్ని పరీక్షగా చూస్తున్నాడు.
చొక్కా జేబులో అతని బొటనవేలు
దేన్నో మెల్లగా తిప్పుతోంది,
ఆ బోడి చుక్క కోసం తడుముతున్నట్టు.

నలభై తొమ్మిదనే రాశాను.
సబ్బు అతని వైపు జరిపాను.