టార్చి వెలుగులో దస్తావేజు

మా ఇంటి వెనకాలే పట్టాలు.
ఆమదాలవలసలో గూడ్సు బండి కదిలిందంటే
గూట్లో గిన్నెలు, గోడకి కేలండరు,
బల్ల మీద మోనిటరు
ఒక్కలాగే వణుకుతాయి.

మొదటిసారి తెర మినుకుమన్నప్పుడు
కరెంటు మీద పడ్డాను.
లైన్‌మేన్ సింహాద్రికి ఫోన్ చేస్తే
"నీ ఒక్క ఇంటికీ వేరే కరెంటిస్తన్నామేటమ్మా?" అన్నాడు.
నిజమే.
పక్కింట్లో సీరియల్ హాయిగా ఏడుస్తోంది.

రెండ్రోజులు కాపలా కాసేక తెలిసింది
విశాఖ వైపు పోయే బరువు బండికే ఈ జబ్బని.
వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమితే
తీగ తలకాయ సగం ఊడి వేలాడుతోంది.
రెండు పక్కలా మరలున్నాయి దానికి,
కొన్ననాటి నుంచీ ఎవరూ బిగించనే లేదు!
వేళ్లతోనే తిప్పేను.
తరవాత బొగ్గు బండి వెళ్లింది, గిన్నెలు మోగేయి,
తెర మాత్రం రెప్ప వెయ్యలేదు.

ఇంకోసారి లోకమంతా వంగపండు రంగు.
తెల్ల కాగితమూ అదే, తెర మీది వరిచేనూ అదే.
పక్కింటి జోషిత తొంగి చూసి
"అత్తా, సేనుకి తెగులొచ్చినాది" అంది.
తీగ ఊడదీసి దీపం కింద పెడితే
వరసల్లో ఒక సూది తల వంచుకుని ఉంది.
ఆకుపచ్చని మోసుకొచ్చేది అదేనట.
చెవి కుట్టేటప్పుడు పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని
పిన్నీసు మొనతో, ఊపిరి బిగబట్టి, నిలబెట్టేను.
చేను పచ్చబడింది.
ఆ పూట నా నడక చూసుంటే మీరు నవ్వుదురు.

నేను రాసేవి దస్తావేజులు. నావి కావు.
రిజిస్ట్రారాఫీసు ఎదర చెట్టు కింద కూర్చునే
లేఖరి అసిరినాయుడు గారు చేతిరాత పంపుతారు,
పేజీకింత అని నేను టైపు చేస్తాను.
నాకు సెంటు భూమి లేదు గానీ
ఎవరి చేనికి ఎవరి గట్టు తూర్పో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఆ రాత్రిది మొయిద సూరమ్మ కాగితం.
అన్నదమ్ములు ఆఖరికి ఒప్పుకున్న వాటా,
ముప్పై రెండు సెంట్లు.
పదకొండేళ్లు తిరిగింది దాని కోసం.
తెల్లారి పదింటికి రిజిస్ట్రీ,
ఈలోగా వాళ్ల మనసు మారకుండా ఉంటే.
తూర్పు అయింది, దక్షిణం అయింది,
"పడమర" అని కొట్టేనో లేదో
తెర నల్లబడింది.

చప్పుడు లేదు, కాలిన వాసన లేదు.
కింది మూలన పచ్చ దీపం వెలుగుతూనే ఉంది,
అంటే ప్రాణం ఉంది.
"సిగ్నల్ లేదు" అనే పెట్టె ఈదడం లేదు,
అంటే మాట అందుతోంది.
మరలు బిగువుగానే ఉన్నాయి, సూదులు నిటారుగానే ఉన్నాయి.
తీసి పెట్టేను, ఆపి వేసేను.
ఒక్క క్షణం వెలిగి, నన్ను గుర్తుపట్టినట్టే పట్టి,
మళ్లీ చీకటి.

జోషిత వాళ్ల నాన్న పొలం టార్చి తెచ్చింది,
బల్ల కిందేదైనా తీగ ఊడిందేమో చూద్దామని.
ఆ వెలుగు ఏటవాలుగా తెరకి తగిలింది.
"అత్తా! లోపలుంది! పోనేదు!"

నూతిలో మునిగిన చెంబులాగ
అడుగున, మసగ్గా,
సూరమ్మ.
ఆవిడ తండ్రి పేరు. ముప్పై రెండు సెంట్లు.
పడమర, ఆ పక్కన మినుకుతూ గీత.
అక్షరాలెక్కడికీ పోలేదు.
వాటి వెనకాల దీపమే పోయింది.

జోషిత టార్చి పట్టుకుంది.
నేను వెలుగు పడ్డంత మేర చదువుకుంటూ కొట్టేను.
చెయ్యి నొప్పెడితే మార్చుకునేది,
అప్పుడు సూరమ్మ భూమి కాస్త ఇటు జరిగేది, కాస్త అటు.
ఉత్తరం దగ్గరికొచ్చేసరికి ఒంటిగంట.
ప్రింటరు గుడ్డిది కాదు గనక బతికేం.

పొద్దున్న ఆఫీసు మెట్ల మీద
సూరమ్మ కాగితం తిరగేసింది, మరోసారి తిరగేసింది.
"నా పేరెక్కడే అమ్మీ?"
చూపించేను.
దాని మీద వేలు పెట్టి
పిలుపొచ్చేదాకా తియ్యలేదు.

శ్రీకాకుళంలో రిపేరతను మోనిటరు విప్పి చూసి
వెనక దీపం మార్చే డబ్బుకి
పాతది ఇంకోటొస్తుందన్నాడు.
ఆలోచిస్తున్నాను.
ఈలోగా
టార్చికి కొత్త సెల్లులు వేసేను.