అయిదు నిమిషాల వంతు

పాత వాషర్‌మన్‌పేటలో, ఇస్త్రీ కొట్టు పైమేడ మీద
మాకు షార్ట్‌హ్యాండ్ నేర్పేది తాయారు మేడమ్.
ఢిల్లీలో ఇరవై ఆరేళ్లు
లోక్‌సభ నడిమి బల్ల దగ్గర తలొంచుకుని
దేశం అరుపుల్ని సన్నటి గీతల్లోకి మడిచిన మనిషి.

"సభ ఎట్లా ఉంటుంది మేడమ్?" అన్నాడు భూషణం.
మెళ్లో కళ్లజోడు తాడు తీసి
బల్ల మీద లాడంలా వంచింది.
"ఇదిగో, ఇక్కడ కుర్చీ.
దాని కుడిచేతి వైపు గెలిచినవాళ్లు,
ఎడమచేతి వైపు అడగాల్సినవాళ్లు.
మధ్యలో ఈ ఖాళీ ఉందే, దీన్ని బావి అంటారు.
నీళ్లుండవు.
కోపమొస్తే అందరూ అందులోకే దిగుతారు."

కింద వీధిలో ఖాళీ బిందెలు
ఎవరో నవ్వినట్టు మోగాయి.

"స్పీకరంటే మాట్లాడేవాడు కాదర్రా,
ఎవరు మాట్లాడాలో చెప్పేవాడు.
ఓటు కూడా, తక్కెడ అటూ ఇటూ కదలనప్పుడే.
ఆయన అలిసిపోతే పట్టీలోంచి ఇంకొకరొస్తారు,
కుర్చీ మాత్రం అలవదు.
అది లేచి నిలబడిందా,
ఎంతటి మంత్రైనా కూచోవలసిందే."
ఈ ముక్క చెప్పడానికి ఆమె లేచి నిలబడింది.
మేం ముందే కూచుని ఉన్నాం,
ఏం చెయ్యాలో తోచలేదు.

"మాకు అయిదేసి నిమిషాలే వంతు.
వాక్యం సగంలో ఉన్నా లేచి రావాలి,
పల్లకీ ఆగకుండా బోయీలు భుజం మార్చుకున్నట్టు.
ఓసారి మన వైపు సభ్యుడొకాయన
ఉత్తర మద్రాసుకి నీళ్లెప్పుడిస్తారని అడిగాడు.
మన వీధి పేరు పలికాడు.
అంత దూరాన వింటే, పెన్సిలు ముక్కు విరిగింది.
మంత్రి లేచాడు. గొంతు సవరించుకున్నాడు.
'అధ్యక్షా' అన్నాడు.
నా వంతు అయిపోయింది."

"మరి జవాబు?"

"మర్నాడు అచ్చులో చూశా.
విషయం పరిశీలనలో ఉన్నది."

అప్పుడు మోగింది, లారీ హారను.
క్లాసు క్లాసంతా మెట్ల మీంచి దొర్లింది.
ప్లాస్టిక్ బిందెలు, మోచేతులు, జుట్లు,
ట్యూబు దగ్గర ఎవరో ఎవరి తల్లినో తలుచుకున్నారు.
మేడమ్ చివరి మెట్టు మీద ఆగి
నోట్‌బుక్కులో ఆ మాట దగ్గర
మూడు చుక్కలు పెట్టింది.

తర్వాత తన ఇత్తడి బిందె పట్టుకుని
వరస ఆఖర్న నిలబడింది.

ఎవ్వరూ కూచోలేదు.