ఎడమ అంచు

పదిహేడేళ్ల కుర్రాడు మొదటిసారి
నా కిటికీలో బూట్లు పెట్టినప్పుడు
పేరడగలేదు నేను.
బూటు నాలుక మీద రాసే ఉంది: ఆస్గర్.
వాళ్లమ్మ చేతిరాత.

ఫ్రెడరిక్స్‌హావ్న్ రింకులో
మెట్ల కింద గది నాది.
సానరాయి, నూనె గుడ్డ, రేడియో,
గోడకి ఏ ఏడాదిదో క్యాలెండరు.
మంచు మీద ఎవడు జారిపడ్డా
ముందు తిట్టేది నన్నే.

బొటనవేలి గోటి మీద అంచు గీసి చూసి
"ప్రేబెన్, ఎడమది వెంట్రుకంత ఎత్తుంది" అన్నాడు.
ఒళ్లు మండింది నాకు.
లైటు కింద పెట్టి చూశాను.
ఉంది.

స్కేటంటే కత్తి అనుకుంటారు. కాదు.
రెండు అంచులు, నడుమ సన్నటి లోయ.
లోయ లోతైతే మంచుని పట్టుకుని వదలదు,
తక్కువైతే జారనిస్తుంది, ఆగనివ్వదు.
ఎవడి కొలత వాడిది.
ఆస్గర్‌కి లోతు తక్కువ కావాలి.
పరుగు కోసం కాదు,
పక్కకి జారి అడ్డంగా పడటానికి.

అదే వాడి కొలువు.
గోల్ కొట్టేవాళ్లు వేరే ఉన్నారు,
వాళ్ల ఫోటోలు పైన కాఫీ కొట్టు గోడ మీద ఉన్నాయి.
వీడు మోకాలితో, చీలమండతో, ఒకసారి దవడతో
ఆ నల్ల రబ్బరు బిళ్లని ఆపేవాడు.
దవడకి తీగలు బిగించిన ఆరు వారాలూ
గొట్టంతో సూపు పీలుస్తూ నా గదిలోనే కూచున్నాడు.
మాట్లాడలేడు కదా,
నాకు హాయిగా ఉండేది.

ఇరవై రెండో ఏట ఓడెక్కి స్వీడన్ వెళ్లాడు.
రెండో డివిజను. మ్యాచికీ మ్యాచికీ మధ్య
తొమ్మిది గంటల బస్సు, కిటికీ అవతల ఒకటే అడవి.
అక్కడ సానపట్టేది మనిషి కాదు, యంత్రం.
నెలకోసారి పోస్టులో బ్లేడ్లొచ్చేవి,
పాత మేజోడులో చుట్టి,
లోపల ఒకటే మాట చీటీ:
"ఎడమది."

ఆ తర్వాత ఒక ఏడు జర్మనీ.
క్లబ్బు దివాలా తీసింది.
రెండు నెలల జీతం బదులు మసాజు బల్ల ఇచ్చి పంపారు.
దాని మీద ఇప్పుడు సిద్సెల్
టమాటా మొలకలు పెంచుతోంది.

దేశం జెర్సీ పధ్నాలుగు సార్లు తొడిగాడు.
ఒక గోలు.
అదీ ఎవడో కొట్టింది వీడి పిరుదుకి తగిలి
లోపలికి పోయింది.
మర్నాడు పేపర్లో పేరు పడింది,
ఒక అక్షరం తప్పుగా.

ముప్పయ్యొకటో ఏట తిరిగొచ్చాడు,
కుడి మోకాల్లో రెండు మేకులతో.
అదే కిటికీ, అదే గోరు.

సానపట్టిన ప్రతిసారీ ఇసుమంత ఉక్కు పోతుంది.
పనిలేని వేసవిలో ఒకసారి లెక్కేశాను.
ఇన్నేళ్లలో, ఇన్ని జతల్లో
వాడి పాదాల కింద నుంచి నేను
జానెడు ఎత్తు తీసేశాను.
జానెడు!
వాడు పొట్టివాడయ్యాడని ఎవరూ అనలేదు.

మార్చిలో ఒక శుక్రవారం నాలుగు ఒకటితో ఓడిపోయారు.
ఎవరికీ ఏమీ చెప్పలేదు.
ఎప్పటిలాగే కిటికీలో బూట్లు పెట్టి
తల తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.
ఎప్పటిలాగే నేను సానపట్టి ఉంచాను.
శనివారం రాలేదు. సోమవారం రాలేదు.
ఆగస్టు దాకా ఆ జత అక్కడే,
అంచులు చెడకుండా.
ముట్టుకోవద్దని కుర్రాళ్లకి చెప్పాను,
ఎందుకో అడిగితే
కాళ్లు తెగుతాయన్నాను.

ఇప్పుడు సేబిలో స్నానాల గదులకి పలకలు పరుస్తున్నాడు.
అక్కడా పని మోకాళ్ల మీదే.

పోయిన వారం వచ్చాడు,
చేపలు కోసే కత్తి తెచ్చాడు.
పట్టిచ్చాను.
బొటనవేలి గోటి మీద గీసి చూశాడు.
నోరు తెరిచాడు.

"కత్తికుండేది ఒకటే అంచురా" అన్నాను,
వాడు అనకముందే.
అని,
వాడి చేతిలోంచి లాక్కుని
లైటు కిందకి తీసుకెళ్లాను.