కారణం అనే గడి

క్రిస్మస్ అయి ఆరు దినాలు.
వెదురు గడ మీది నక్షత్రంల ఒక బుగ్గ మాడిపోయి
నాలుగు కొనలే వెలుగుతున్నయ్.
పశువుల తొట్టిల పరిచిన వరిగడ్డి
సగం ఆశీర్వాదం వాళ్ల మేక మేసింది.
మిగిలిన సగంల మట్టి గొర్రెపిల్ల
ఏమీ ఎరుక లేనట్టు పండుకొని ఉంది.

పాత సంవత్సరానికి ఇంకా రెండు గంటల ప్రాణం.
నర్సంపేట రోడ్డు పక్కన మా రేకుల చర్చిల
అయ్యగారు కీర్తన చదువుతున్నడు.
వెనక గదిల జంపఖానా మీద నేను,
కానుకల సంచి, లెక్కల పుస్తకం,
నలిగిన నోట్లు సాపు చేస్తూ నా మనవరాలు కెజియా.

పదమూడేండ్లుగ ఇదే నా ఆరాధన.
పుస్తకంల నాలుగు గడులు:
వరుస సంఖ్య, పేరు, రూపాయలు, కారణం.
కారణం గడి గీసినోడెవరో గని
వేలెడంత వెడల్పు గూడ ఇయ్యలే.
దేవునికి వందనం చెప్పెతందుకు
మనిషికి రెండు మాటలు చాలనుకున్నడేమో.

చాలవు.
నల్లతామర పురుగు పక్క చేను దాక వచ్చి
ఐగుప్తుల ఇండ్లను దాటినట్టు
మా మిర్చిని దాటిపోయింది, అని యాకోబు. నూట యాభై.
ఆ పక్క చేను ఎవరిదో నాకెరుకే.
వాళ్లూ మన సంఘమే. వాళ్ల కవరూ ఉంది.
యాభై ఒకటి. కారణం రాయలే.

బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది, అని సలోమమ్మ.
కొడుకు తాగుడు మానిండని పోయినేడు రాసిన తల్లి
ఈసారి "మళ్ల మానిండు" అని రాసింది. పేరు చెప్ప.
అయిదో తరగతి పిలగాడొకడు పెన్సిలుతోని
"క్యారల్స్‌కు పోతే కుక్క కరువలే" అని
రెండు రూపాయల బిళ్ల.
కెజియా నవ్వింది. నేనూ నవ్విన.
గోడవతల సంఘమంత ఆమెన్ అన్నది,
మా నవ్వుకే అన్నట్టు.

తర్వాత చేతికొచ్చింది కవరు గాదు.
ఎం.జి.ఎం. దవాఖాన ఓ.పి. చీటి.
నాలుగు మడతలు పెట్టి అన్నం మెతుకుతోని అంటించింది.
లోపల పదకొండు రూపాయలు.
ముందు పక్క: బందెల జక్కయ్య, యాభై ఎనిమిదేండ్లు, పురుషుడు.
వెనక పక్క వంకర అక్షరాలు:
"తొమ్మిది దినాలు ఆయన పక్కన కూసోనిచ్చినవ్.
అందుకు."

నవంబరుల ఆయన పెట్టెకు మేకులు కొట్టింది నేనే.
ముప్పై ఏండ్లు పత్తి మిల్లుల రాత్రి డ్యూటీ ఆయనది.
పొద్దుగాల కూలికి పోయే బతుకు దీనమ్మది.
ఒకరు చెప్పులిడుస్తుంటె ఒకరు తొడుగుకునేది.
ఆ తొమ్మిది దినాలు మాత్రం
ఇనుప మంచం కింద చాప పరుచుకొని
బత్తాయి తొనల గింజలు తీసి నోట్ల పెట్టుకుంట
ఒకే కిటికీల నుంచి
ఇద్దరు కలిసి పొద్దుగూకుడు చూసిండ్రు.

"తాతా, కారణం ఏం రాయాలె?"

పెన్ను మూత తీసి కూసున్న.
మరణం అని రాస్తె ఆమె చెప్పింది అది గాదు.
స్వస్థత అని రాస్తె అయ్యగారు మైకుల చదివి
అందరితోని స్తోత్రం అనిపిస్తడు.
లోపల పాట మొదలైంది.
అందులో ఒక గొంతు శృతి తప్పుతున్నది,
అది నా ఇంటామెది. నలభై ఒక్క ఏండ్లాయె.
ఆ గొంతు కోసం నేను
ఏ కవర్ల ఒక్క బిళ్ల వేసినోణ్ని గాదు.

ఉన్నది ఉన్నట్టు దింపిన దీనమ్మ మాట.
గడి దాటింది, గీత దాటింది,
కింది వరుసలకు జారింది. జారనిచ్చిన.
ఇంకో కవరు తీసుకొని దాని మీద నా పేరు రాసి
ఏమి రాయాలో తెల్వక
ఎంతసేపు పట్టుకున్ననో, గంట కొట్టిండ్రు.

బయట బగారన్నం గంజు కాడ
చెంగు నడుముకు చుట్టి దీనమ్మే వడ్డిస్తున్నది.
కొత్త సంవత్సరం మొదటి ఇస్తారి నా చేతిల పెట్టి
"ఉప్పు సరిపోయిందా, లెక్కలాయనా?" అన్నది.
కొంచెం తక్కువైంది.
సరిపోయిందన్న.