ఇరవై తెత్రీల బాకీ

హోటల్ కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ.
గోడకో పైపు, పైపు మీద ఒక పావురం.
ఈ మాత్రం చూడ్డానికా త్బిలిసి దాకా వచ్చానని
మెట్లు దిగాను.

కౌంటర్ వెనక ఎల్గుజా, రాత్రి డ్యూటీ దిగబోతూ
టీ గ్లాసులో చెంచా తిప్పుతున్నాడు.
కోట వద్దు, గంధకం స్నానాలూ వద్దు,
ఎవరూ ఫొటో తీయని చోటేదైనా చెప్పమన్నాను.
నా లాండ్రీ రసీదే వెనక్కి తిప్పి
పెన్సిల్‌తో మూడు గీతలు గీశాడు.
"ఇది సొలొలాకి. తలుపు తెరిచుంటే లోపలికెళ్ళండి.
మూసుంటే తోసి చూడండి."

ఎగువకి పోయే వీధి. రాళ్ళ నిండా మల్బరీ మరకలు,
ఎవరో చిల్లుపడ్డ సిరాబుడ్డి పట్టుకుని ఎక్కినట్టు.
రోడ్డు మీదకి వంగిన చెక్క బాల్కనీలు,
వాటి కింద తుప్పు పట్టిన ఇనుప దూలాలు.
ఎవరు ఎవరిని నిలబెడుతున్నారో
కాసేపు చూస్తే గానీ తేలదు.
ఒక గుమ్మానికి ఆరు కాలింగ్‌బెల్లులు.
ఒకప్పుడు ఒక్క పొగాకు వర్తకుడి ఇల్లట,
ఆ తర్వాత గదికో సంసారం,
సంసారానికో బెల్లు,
బెల్లుకో రంగు తీగ.

తోశాను.

లోపల కుండలో నీళ్ళంత చల్లదనం.
పైకప్పు మీద ద్రాక్షగుత్తులు, పడవ, పడవలో ఒక స్త్రీ.
ముఖం మాత్రం చెమ్మ తినేసింది.
చేతిలో తెడ్డు ఉంది, వేళ్ళకి ఉంగరాలున్నాయి,
ఎటు చూస్తోందో ఎవరికీ తెలియదు.
గోడ పొడవునా ఒక పగులు.
పగులుకి అడ్డంగా, గాయానికి కట్టినట్టు,
సున్నపు పట్టీ. దాని మీద తేదీ.

వెనక సంచీ చప్పుడు.
వంకాయలు, రొట్టె, డెబ్భై దాటిన వయసు.
పేరు లామారా అని తర్వాత తెలిసింది.
ఆమె భాష నాకు రాదు, నా భాషతో ఆమెకు పనిలేదు.
పట్టీ మీద వేలు పెట్టింది.
రెండు అరచేతులూ ఆనించి, మెల్లగా విడదీసింది:
ఇది విరిగిందంటే
ఇల్లు నడవడం మొదలెట్టినట్టు.
తల అడ్డంగా ఊపి నవ్వింది. ఇంకా లేదు.

లిఫ్టు ఇనుప బోను. లోపలో డబ్బా.
నాణెం వేస్తేనే కదులుతుంది,
చిల్లర లేదంటే దిగమనే కండక్టరు లాగా.
నా దగ్గరున్నవన్నీ నోట్లు.
ఆమె జేబు తడిమి ఇరవై తెత్రీలు వేసింది,
నా కోసం. తన కోసం ఇంకో ఇరవై.
నాలుగో అంతస్తులో అద్దాల వరండా.
ఎవరివో తడి దుప్పట్లు, ఒక సైకిలు చక్రం.
దోసిట్లో పచ్చి రేగడిపళ్ళు పోసి
(రేగడివో, అల్బకరాలో, నోరు ఇప్పటికీ పులుపే)
నన్ను మెట్లదారి పట్టించింది.
దిగడానికి డబ్బెందుకు అన్నట్టు.

మర్నాడు ఎల్గుజా దగ్గర చిల్లర మార్చుకుని బయల్దేరాను.
ఆ మూడు గీతలూ మూడు గీతలుగానే ఉన్నాయి.
ఒక తలుపు వెనక పిల్లి. ఒక తలుపు వెనక
గడ్డం గీసుకుంటున్న మనిషి, సబ్బుముఖంతోనే
పక్కింటికి వేలు చూపించాడు.
ఆ పక్కింటి పైకప్పు మీద నెమళ్ళు. ఆమె కాదు.
పదకొండు తలుపులు తోశాను.
పన్నెండో దాంట్లో, తన కన్నా పెద్ద వాయిద్యం మోస్తూ
ఒక కుర్రాడు లిఫ్టు ముందు జేబులు తడుముకుంటున్నాడు.

వేశాను.
వాడు నా వంక చూడనన్నా చూడలేదు.
బోను మూలిగి, వాడి బూట్లు కూడా పైకి పోయాయి.
బాకీ తీరిందో,
మనిషి మారిందో.

సాయంత్రం చొక్కాలు కావాలంటే రసీదు ఇమ్మన్నాడు ఎల్గుజా.
ఇచ్చాను. మేకుకి గుచ్చాడు.
నాలుగు చొక్కాలు, ఒక ప్యాంటు అన్న లెక్క వెనకాల
ఆ వీధి
ఇప్పుడు అతని కాగితాల్లో ఉంది.