ఎనిమిదో ముక్క

నారిన్‌లో ఆ చలికాలం సుద్ద కూడా రాలేదు.
జీతం కింద రెండు బస్తాల పిండి ఇచ్చారు.
అందులో సగం బస్తా ఎవరికో కొలిచిపోసి
సైరకుల్ టీచరు ఓ పాత ఉన్ని పట్టా తెచ్చింది;
గుడారం గోడకు కట్టేది, పొగ వాసన వదలనిది.

గొర్రెల కత్తెరతో గుండ్రాలు కోసింది.
ఒకటి సగాలు, ఒకటి పావులు, ఒకటి ఎనిమిది ముక్కలు.
ఉల్లిపొట్టు రంగు ఆరకముందే మా చేతుల్లో పెట్టింది.
భిన్నమంటే మాకు
అరచేతికి అంటి, కడిగినా పోని పసుపుపచ్చ.

గొర్రె చీలమండ ఎముకలు విసిరించి
ఏ వైపు ఎన్నిసార్లు పడిందో గోడమీద బొగ్గుతో గీయించేది.
"అదృష్టం కాదర్రా, లెక్క" అనేది.
తను ఓడినప్పుడు మాత్రం నవ్వి ఊరుకునేది.

జనవరిలో ఓ ముక్క తగ్గింది.
నా పక్కన కూర్చునే జోల్దోష్ ఎడమ బూటులో
అది ఉందని నాకు తెలుసు.
ఆమెకూ తెలుసు.
ఆ నెలంతా వాణ్ణి బల్ల దగ్గరికి పిలవలేదు.

ఉన్ని ఇంకా మిగిలే ఉంది. కొత్త ముక్క కోయలేదు.
ఏటేటా కొత్త పిల్లల ముందు ఆ ఏడూ పరిచి
"ఎంత ఉంది?" అని అడిగేదట.
ఎంత లేదు అని
ఒక్కసారీ అడగలేదట.

మొన్న రిటైరైంది. ఆ గదిలో ఇప్పుడు టాబ్లెట్లు.
డబ్బా నా వ్యాన్ వెనక సీటులో ఇంటికి బయల్దేరింది.
దారిలో మూత తీసి లెక్కపెట్టుకుంది, పెదాలు కదుపుతూ.
డబ్బులొద్దన్నాను.
"లెక్క లెక్కే" అంటూ ఇరవై సోమ్‌లు నా ఒళ్లో పెట్టి,
దిగబోతూ ఆగి అడిగింది:
"జోల్దోష్ కాళ్లు ఎలా ఉన్నాయి?"